మా మావ అడిగిన రంగు

మా మావ రథసప్తమి రోజు ఉదయం పోయాడు. ఆ వేళకి నేను మత్స్యకారుల సంఘం ఆఫీసులో కూర్చుని బోట్ల రిజిస్టరులో పేర్లు సరిచూస్తున్నాను. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నాన్న ఎల్పోనాడే" అంది. అవతల వార్డులో ఎవరో స్టీలు గిన్నె కింద పెట్టిన చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. ఫోన్ ముందు ఎవరు పెట్టేశామో గుర్తు లేదు.

ఆ రోజు అరసవల్లి గుడికి ఇసకేస్తే రాలనంత జనం. మావని తెస్తున్న అంబులెన్సు ఆ ఆటోల మధ్య, క్యూల మధ్య ఇరుక్కుని మధ్యాహ్నం దాటాక గానీ మా ఊరు చేరలేదు. దారిలో దర్శనానికి నిలబడ్డవాళ్లు అద్దంలోంచి లోపలికి తొంగి చూసి చెంపలు వేసుకున్నారట. "ఎవులికీ తెలీదు కదే ఆయనెవులో. అయినా దండమెట్టినారు" అని మా ఆడపడుచు నాతో చెప్పింది. ఎవరో తెలియనివాళ్లకి ఆయన ఎవరో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మావ నాకు రెండు విధాల మావ. మా అమ్మకి తమ్ముడు, మా ఆయనకి తండ్రి. ఊరికి మాత్రం మేస్త్రీ. మాది సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడ ఫైబరు తెప్పల వెనక కిరసనాయిలు మోటార్లు తగిలించుకుని వేటకి వెళతారు. ఆ మోటార్లు బాగుచేయడం ఆయన పని. తెప్ప ఒడ్డుకి రాగానే మోటారు విప్పి భుజాన వేసుకుని మా వాకిట్లోకి తెచ్చేవారు. అక్కడ ఒక పెద్ద డ్రమ్ము నిండా మంచినీళ్లుండేవి. ఆ నీళ్లలో మోటారు ముంచి, కాసేపు నడిపి, లోపలి ఉప్పంతా కడిగేవాడు. వీధి కుళాయికి నీళ్లు రాని రోజుల్లో మేం స్నానాలు మానుకున్నాం గానీ డ్రమ్ము ఎప్పుడూ వెలితిగా లేదు.

మోటారులో జబ్బు ఎక్కడుందో పట్టుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవరు కొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. ఎవరైనా పక్కన మాట్లాడితే, "ఉండండ్రా, అది సెప్తన్నాది" అనేవాడు. చిన్నప్పుడు నేను నిజంగానే అది ఏదో చెబుతుందనుకున్నాను. నా చెవికి పెడితే గరగరమనడం తప్ప ఏమీ వినపడలేదు. "నాకేటీ సెప్పలేదు మావా" అంటే, "నీతో ఇంకా సావాసం కాలేదు గావాల" అని నవ్వాడు. ప్లగ్గులు తుడవడం, వాటిని సైజువారీగా బిస్కెట్ల డబ్బాలో సర్దడం నాకు నేర్పింది ఆయనే. ఆడపిల్లకి మసి పనులేమిటని మా అమ్మ గొణిగితే, "మసి సబ్బుకి పోతాది అక్కా, పని సేతిలో ఉండిపోతాది" అన్నాడు.

మా పెళ్లయిన రెండో ఏడు మా ఆయన కొత్త తెప్ప తెచ్చుకున్నాడు. బయట నీలం, లోపల తెలుపు. దానికి తగిలించిన మోటారు మాత్రం పాతది. పైమూత బూడిద రంగులో, గీతలు గీతలుగా ఉండేది. కొత్త చీర మీద పాత జాకెట్టు వేసుకున్నట్టుందని నేను నవ్వాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మా ఆయన ఆ సాయంత్రమే తండ్రి వెంటపడ్డాడు.

"నాన్నా, దీనికి రంగెయ్యి. తెప్పకి జతవ్వాల."

"ఏ రంగు కావాలేటి?"

"సముద్రం రంగు. మోటారు నీళ్లలోంచే పుట్టినట్టుండాల."

మావ శ్రీకాకుళం వెళ్లి రంగుల దుకాణంలో నమూనాల అట్ట అడిగి తెచ్చాడు. చిన్న చిన్న గళ్లలో రకరకాల నీలాలు. మిట్టమధ్యాహ్నం తండ్రీ కొడుకులిద్దరూ ఒడ్డున నిలబడ్డారు. మావ అట్ట చేతిలో చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఒక్కో గడినీ సముద్రం పక్కన పెట్టి చూశాడు. "అది కాదు, దాని పక్కది" అంటాడు కొడుకు. "ఉండ్రా, మబ్బొచ్చినాది, ఎల్లిపోనీ" అంటాడు తండ్రి. నేను అన్నాలకి పిలవడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. చివరికి ఒక గడి దొరికింది. అట్ట ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో నాకు తేడా తెలియలేదు.

మూత నున్నగా గీకి, మూడు పూతలు వేసి, ఇసుక అంటుకోకుండా దోమతెర కింద ఆరబెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. తీసి చూపించినప్పుడు, "నా సేతిపని ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదే గుంటా" అన్నాడు నాతో. ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

ఆ మోటారుతో మా ఆయన రెండేళ్లు కూడా వేట చేయలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం మా ఆయన, తెప్ప మీద పనిచేసే కలాసీ ఇద్దరే వెళ్లారు. తిరిగి వచ్చే వేళకి గాలి తిరిగింది. పెద్ద తుపానేమీ కాదు, ఒక్కసారిగా వచ్చిన గాలివాన. మిగిలిన తెప్పలన్నీ ఒడ్డు పట్టాయి, మాది రాలేదు. మర్నాడు తెల్లారగానే ఊళ్లోని తెప్పలు వెతకడానికి బయల్దేరాయి. ముందున్న తెప్పలో మావ ఎక్కాడు. సాయంత్రం వచ్చాడు, మళ్లీ ఉదయం వెళ్లాడు. రెండో రోజు వచ్చేసరికి అరిచి అరిచి గొంతు పోయింది. మూడో రోజు కబురొచ్చింది. ఒడిశా వైపు బోటువాళ్లకి కలాసీ ఒక్కడే దొరికాడని.

కలాసీ బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. పెదవులు పగిలి, మొహం నల్లగా కమిలిపోయి ఉన్నాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. ఏం జరిగిందో మెల్లగా చెప్పాడు. తెప్పలో నీళ్లు నిండిపోయాయి. వల, లంగరు బరువుకి ముందు భాగం మునిగిపోయి వెనక భాగం పైకి లేచింది. నీళ్లపైన మిగిలింది మోటారు ఒక్కటే. ఇద్దరూ దాన్నే పట్టుకుని వేలాడారు.

"రెండో రోజు పొద్దెక్కినాక మీ తెప్ప వచ్చినాది మావా" అన్నాడు కలాసీ. "నువ్వు ముందర నిలబడి ఉన్నావు. సెయ్యి కళ్ల మీద పెట్టుకుని మాకేసే సూస్తన్నావు. నీ తలగుడ్డ గళ్లు కూడా ఆనినాయి నాకు. అదిగో నాన్న అన్నాడు నీ కొడుకు. ఇద్దరం గొంతులు సించుకున్నాం. ఎదురుగాలి, మీ ఇంజిను మోత. మీరలగే ఎల్పోనారు."

మావ అడిగాడు. "ఎంత దూరమురా?"

"ఇక్కడ నుండి రామమందిరం అంత."

"మరి పిల్లడు?"

"మీరెల్పోయినాక మరి మాటాడలేదు మావా. సందేళకి సేతులొగ్గేసినాడు."

మర్నాడు ఉదయం మావ మా గుమ్మం దగ్గర నుంచి రామమందిరం దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. తిరిగి వస్తూ మళ్లీ లెక్కపెట్టాడు. ఆ సంఖ్య నాకు చెప్పాడు. నేను ఇక్కడ రాయను. ఆ దారిలో నేను రోజూ సంఘానికి వెళ్లాలి.

ఏడాది పాటు ఆయన ఎవరితోనూ రంగు మాట ఎత్తలేదు. నన్ను మాత్రం ఇంట్లో కూర్చోనివ్వలేదు. మా అమ్మ వచ్చి నన్ను తీసుకుపోతానంటే, "తీసుకెల్లి ఏటి సేస్తావు అక్కా? డిగ్రీ సదివిన గుంట మూల కూకుంటే సదువు పాసిపోతాది" అని, తానే మత్స్యకారుల సంఘం పెద్ద ఇంటికి రోజూ తిరిగి నాకు అక్కడ గుమాస్తా పని ఇప్పించాడు. మొగుడు పోయిన ఏడాదికే రోడ్డెక్కిందని ఆడవాళ్లు అనుకుంటారేమోనని నేను జంకితే, మొదటి నెలంతా ఆఫీసు గుమ్మం దాకా పక్కన నడిచి వచ్చాడు. ఈ రోజు నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే ఆ నడక వల్లే.

తర్వాత ఒక రోజు పాత మోటారు మూతలు ఆరు వాకిట్లో వరసగా పెట్టాడు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ రంగులు ఒక్కోదానికి వేశాడు. ఆరోదానికి నీలం వేశాడు. ఆ నీలం ఏదో నేను గుర్తుపట్టాను. వాటిని వల తేలడానికి కట్టే బెండ్లకి తగిలించి, సముద్రంలో ఒకే వరసలో లంగరేశాడు. కలాసీ తెప్ప నడిపాడు. నన్ను కూడా ఎక్కించి చేతికి నోటుపుస్తకం ఇచ్చాడు.

"నాకు కళ్లు సాలవు. నీకు ఏది కనిపిస్తే అది రాయి. నాకోసం రాయకు, కనిపించినాదే రాయి."

పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. ఎండలో, మబ్బులో. అలా వారం రోజులు తిరిగాం. తెప్ప దూరం జరుగుతున్న కొద్దీ నేను పేర్లు కొట్టేస్తూ వచ్చాను. అన్నిటికన్నా ముందు నీలం పోయింది. తెలుపు నురగలో కలిసిపోయింది. ఆకుపచ్చ కాసేపే. ఎరుపు చాలా దూరం వస్తుందనుకున్నాను గానీ మబ్బు పట్టగానే నల్లటి మచ్చ అయిపోయింది. పసుపు బాగానే నిలబడింది, సాయంత్రం ఎండ నీళ్ల మీద మెరిసేటప్పుడు మాత్రం దొరకలేదు. చివరిదాకా మిగిలింది నారింజ.

తిరిగి వస్తుంటే మావ అన్నాడు. "సముద్రానికి పూటకో రంగు. దానితో జత కట్టాలని సూసినాను నాను. తప్పు."

ఆ ఒక్క మాటే. కొడుకు గురించి అంతకు మించి ఆయన నోట నేను వినలేదు.

ఆ వేసవిలో సంఘానికి కొత్త మోటార్లు మంజూరయ్యాయి. వేట నిషేధం రోజులు కాబట్టి తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏ రంగు కావాలో రాసి పంపమని డీలరు కాగితం పంపాడు. నీలం, నలుపు సిద్ధంగా ఉన్నాయి, వేరే రంగులు కావాలంటే నెలన్నర ఆలస్యమవుతుందని అందులో ఉంది. అదే చిక్కు. నిషేధం ఎత్తేసిన మొదటి నెలలోనే మాకు రొయ్య పడుతుంది. ఏడాదంతా ఆ నెల మీదే ఆశ.

సంఘం హాల్లో మీటింగు పెట్టారు. మావ లేచి నా నోటుపుస్తకం నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. నేను చదివాను. ఎవరూ అడ్డు తగల్లేదు, శ్రద్ధగానే విన్నారు. ఎవరో వెనక నుంచి, "ఆరెంజి ఏసుకుంటే సన్నాసుల్లాగుంటాం మావా" అంటే నవ్వారు. ఇంకెవరో, "పార్టీ రంగు కానందుకు సంతోషించండ్రా" అన్నారు. మళ్లీ నవ్వారు. అందులో కక్షేమీ లేదు. ఆ నవ్వినవాళ్లే రెండు రోజులు మావతో కలిసి మా ఆయన్ని వెతికినవాళ్లు.

ఒక తెప్ప ఓనరు లేచాడు. "మావా, నువ్వు సెప్పింది నిజమే. కానీ నెలన్నర ఆగమంటే ఎలగ? రొయ్య మనకోసం ఆగతాదా? ఇంట్లో పిల్లలకి ఏటి సెప్పాల?"

మావకి తెప్ప లేదు, వేట లేదు. నిలబడి తువ్వాలు అంచు నలుపుతూ, "ఒక్కసారే కదరా. ఒక్క నెల" అన్నాడు.

అప్పుడు సంఘం పెద్ద నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. ఇందులో నీకంటే తెలిసినోళ్లెవులు? నువ్వు ఆగమంటే ఆగుదాం."

హాలంతా నన్నే చూసింది. ఆయన నిజంగానే ఆ మాట అన్నాడు. నేను ఆగమంటే ఆగేవారు. నా చేతిలో పుస్తకం ఉంది. ఏ రంగు ఎక్కడ మాయమైందో నా చేత్తో రాసుకున్న పుస్తకం. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "మొగుడు పోయిన మనిసి, ఊరి సీజను కూడా ఆపుతాదేటి?" అని పక్కామెతో అనడం నాకు వినపడింది. వినపడిందా, నేనే అనుకున్నానా? ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఇంకో సంగతి కూడా దాచుకోకుండా రాయాలి. ఆ నీలం వేసిన చేతుల మీద నాకు లోలోపల కోపం ఉండేది. ఆ రంగు అడగడానికి దారితీసిన నా మాట మీద ఇంకా ఎక్కువ కోపం ఉండేది.

"అందరికీ ఏది బాగుంటే నాకూ అదే" అన్నాను.

మావ మెల్లగా కూర్చున్నాడు. నీలం అని తీర్మానమైంది. కాగితం మీద నేనే రాశాను.

ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే నడిచాం. రామమందిరం దాటాం. ఆయన ఏదైనా అంటాడని, తిడతాడని ఎదురుచూశాను. ఇల్లు కనిపించాక అన్నాడు. "ఎండెక్కువగా ఉన్నాది. కొంగు తలమీదేసుకో."

కొత్త మోటార్లు వచ్చాయి. మావ ఇంటింటికీ వెళ్లి, మూత ఇస్తే తానే రంగు మార్చి ఇస్తానని అడిగాడు. సగం మంది ఇచ్చారు. కొందరు నమ్మి ఇచ్చారు, కొందరు ఆయన మొహం చూసి ఇచ్చారు. మా వాకిలి నిండా దోమతెరలు, వాటి కింద నారింజ రంగు మూతలు. ఆయన గోళ్లు, కనుబొమలు, చొక్కా అంచులు అన్నీ అదే రంగు. నేను ఆఫీసు నుంచి వచ్చి గీకే కాగితం అందుకునేదాన్ని. క్షమాపణ అడగడానికి అదే నాకు చేతనైన పద్ధతి.

ఆ వానాకాలం ఒక్క నెల మాత్రం మా ఊరి ఆడవాళ్లు సాయంత్రం ఒడ్డున నిలబడి ఇంకా బాగా దూరంలో ఉన్న తెప్పల్ని లెక్కపెట్టగలిగారు. "అదిగో మీది, ఆ యెనక మాది" అని ఒకరికొకరు చూపించుకున్నారు. మావ కూడా వచ్చి వాళ్లకి కొంచెం ఎడంగా నిలబడేవాడు. నాకు తెలిసి మా ఆయన పోయాక ఆయన నవ్వింది ఆ నెలలోనే.

తర్వాత రంగు పెచ్చులూడడం మొదలైంది. కొత్త మూతలు మరీ నున్నగా ఉంటాయి, దానికితోడు వేడి, ఉప్పు. నారింజ రంగు తొక్కలు లేచి వలల్లో చిక్కుకున్నాయి. సర్వీసుకి వచ్చిన కంపెనీ మనిషి, రంగు మార్చిన మోటార్లకి గ్యారంటీ ఉండదని చెప్పి వెళ్లాడు. అతను అతని ఉద్యోగం చేశాడు. ఓనర్లు ఒకరి తర్వాత ఒకరు మొహాలు దించుకుని వచ్చారు.

"ఏటనుకోకు మావా. రేపు ఇంజిను పోతే ఎవులు సూస్తారు?"

"అనుకోడానికేటున్నాది. ఇలగిచ్చీయి."

ఏ ఒక్కరినీ గీకనివ్వలేదు. "మీరు గీకితే గీతలడతాయిరా. ఏసినోడినే తీయనియ్యండి" అని అన్ని మూతలూ తానే వాకిట్లో కూర్చుని గీకాడు. అడుగున ఉన్న నీలం బయటపడేదాకా గీకి, నూనె గుడ్డతో తుడిచి, కొత్తదానిలా మెరిపించి తిరిగిచ్చాడు. ఆ పని రంగు వేసినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. పొడి వాకిలంతా రాలింది. నేను ఊడుస్తుంటే ఆయన లేచి వెనక్కి వెళ్లిపోయేవాడు.

మరుసటేడు మా వీధిలో అన్నదమ్ములిద్దరు వెళ్లిన తెప్ప తిరిగి రాలేదు. అదీ నీలం మోటారే. మావ గీకి ఇచ్చినవాటిలో ఒకటి. ఆయనకి ఒంట్లో బాగుండక పోయినా వెతికే తెప్ప ఎక్కాడు. మళ్లీ ముందర నిలబడ్డాడు. నాలుగు రోజులు తిరిగారు. ఏమీ దొరకలేదు.

ఆ అన్నదమ్ముల తల్లి మా ఇంటికి వచ్చి మావ కాళ్ల మీద పడిపోయింది.

"నీ రంగు ఉండనిస్తే నా కొడుకులు కనిపించుదురు కదా మావా! గీకించీసినారు కదా! నానైనా వద్దనలేదు కదా!"

మావ ఆవిణ్ని లేపి అరుగు మీద కూర్చోబెట్టాడు. "లేదే పిల్లా. అంత గాలిలో ఏ రంగైనా ఒకటే. నాను కళ్లారా సూసినాను కదా, ఏదీ కనపడదు. నీ తప్పేటీ లేదు, ఊరుకో" అన్నాడు.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ మాట అబద్ధమని చెప్పే పుస్తకం లోపల అల్మరాలోనే ఉంది. ఆవిడ వెళ్లాక మావ నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి మోటార్లు విప్పడం మానేశాడు. ఎవరైనా తెస్తే కలాసీకి చూపించమనేవాడు. కలాసీ అప్పటికే వేట మానేసి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు.

ఈ ఏడు చలి మొదలయ్యాక ఆయనకి ఊపిరి ఆడడం కష్టమైంది. శ్రీకాకుళంలో చేర్పించాం. మధ్యాహ్నాలు నేను, మిగతా వేళల్లో మా ఆడపడుచు ఉండేవాళ్లం. పోవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ ఆయన దుప్పటి మీద పడుతోంది. మనిషి తేటగా ఉన్నాడు. అడగాలనుకున్నది అడిగేయాలనిపించింది.

"మావా, ఆ రోజు సంఘంలో నాను…"

"ఏ రోజే?"

"మోటార్ల రంగు మీటింగు రోజు. నన్నడిగినారు కదా."

ఆయన నా మొహం చూశాడు. "నాకు గుర్తు లేదు గుంటా" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ముప్ఫై ఏళ్ల కింద ఎవరి మోటారుకి ఏ ప్లగ్గు వేశాడో చెప్పగలిగిన మనిషి. నిజంగానే మరిచిపోయాడా? నన్ను ఊరుకోబెట్టడానికి, ఆ తల్లికి చెప్పినట్టే నాకూ చెప్పాడా? ఇక తెలుసుకునే దారి లేదు. మరిచిపోయి ఉంటే నన్ను క్షమించే అవకాశం కూడా ఆయనకి లేకపోయిందన్నమాట. మరిచిపోకపోయి ఉంటే, అన్నేళ్లూ మోసి, చివరి పూటా నాకు దింపుకునే వీలివ్వకుండా తనతోనే తీసుకుపోయాడు. రెండిట్లో ఏది తక్కువ బాధో నాకు తెలియడం లేదు.

ఆయన పోయిన రోజు ఊళ్లో ఒక్క తెప్ప కూడా నీళ్లలో దిగలేదు. కలాసీ ముందు పాడె పట్టాడు. మూతలు వెనక్కి తీసుకున్న ఓనర్లందరూ భుజం మార్చుకుంటూ మోశారు. రంగు మాట ఎవరూ అనలేదు.

పదిహేను రోజులకే సంఘంలో మళ్లీ మీటింగు. పాత మోటార్లు తరచుగా ఆగిపోతున్నాయని కొత్తవి తెప్పిస్తున్నారు. మళ్లీ అదే డీలరు, అలాంటి కాగితమే. ఈసారి నలుపు సిద్ధంగా ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నేనే లేచాను. నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. "ఆరెంజి తెప్పించండి. ఆలస్యమైనా తెప్పించండి. ఆ రోజే నేను ఈ మాట చెప్పాల్సింది" అన్నాను.

సంఘం పెద్ద కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజమేనమ్మా. మేస్త్రీ కూడా అదే సెప్పేవోడు, పాపం. ఈసారికి కానీ. వచ్చేసారి తప్పకుండా సూద్దాం" అన్నాడు. చేతులెత్తమన్నారు. నారింజకి మూడు చేతులు లేచాయి. నాది, కలాసీది, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ అన్నదమ్ముల తల్లిది. ఆవిడ సంఘం సభ్యురాలు కాదని ఆ చెయ్యి లెక్కలోకి తీసుకోలేదు.

కాగితం మీద 'నలుపు' అని నేనే రాశాను. ఆఫీసులో రాతపని నాదే.

మొన్న శుక్రవారం మోటార్లు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పి ఒడ్డున ఇసుకలో వరసగా నిలబెట్టారు. ఎండకి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆడవాళ్లు పళ్లేలతో వచ్చి ఒక్కో మోటారుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. నేను కొంచెం వెనగ్గా నిలబడి పంపిణీ జాబితాలో సంతకాలు పెట్టించుకున్నాను. ఒక్కొక్కటీ తెప్పలకి తగిలించి నీళ్లలోకి తోశారు. అన్నీ ఒకేసారి మోగాయి. వెళుతున్న తెప్పల వెనక ఆ ఎర్రటి బొట్లు మొదటి అల దాకా కనిపించాయి. నురగ ఎగిసి మోటార్ల మీద పడింది. బొట్టు చారలుగా కారి నీళ్లలోకి జారిపోయింది. నేను జాబితా నుదుటి మీద ఎండకి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. రెండో అల దాటాక ఏ తెప్ప ఎవరిదో నాకు తెలియలేదు.